కొవ్వు కరిగింది, మాంసం నీరుగారింది

పందుల్లో ఎంపిక లెక్క చాలా చిన్నది. మందలో వీపు కొవ్వు మందం సగటున 20 మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో సగటున 14 మిల్లీమీటర్లున్న ఆడ, మగ పందులను ఏరి వాటినే జతకట్టిస్తే తేడా 6. వీపు కొవ్వులో కనిపించే హెచ్చుతగ్గుల్లో సుమారు సగం పుట్టుకతో వచ్చేవే. కాబట్టి ఆ ఆరులో సగం పిల్లలకు దిగి, వాటి సగటు 17కు చేరుతుంది. అల్ట్రాసౌండ్ పరికరం వీపుకు ఆనిస్తే మందం తెలిసిపోతుంది. చూడి కాలం 114 రోజులే, ఏడాది వయసుకల్లా మొదటి ఈత. కొవ్వు తగ్గించడం అందుకే అంత సులువైంది.

చిక్కేమిటంటే, కొలిచినదాని వెంట కొలవనిదీ నడిచివస్తుంది. కండ పట్టిన, కొవ్వు లేని పందులనే ఏరుతూ పోయిన పియెత్రాన్ వంటి జాతుల్లో కొన్ని పందులు లారీ ఎక్కిస్తుంటేనే బిగుసుకుపోయి చచ్చిపోయేవి. బతికి వధశాల చేరినవాటి మాంసం పాలిపోయి, మెత్తబడి, నీళ్లు కార్చేది. లోపం ఆర్‌వైఆర్1 అనే జన్యువులో ఉంది. కండర కణంలో కాల్షియం నిల్వకు తలుపులాంటి ప్రోటీన్‌ను తయారుచేసేది ఇదే. ఆ తలుపు సరిగా మూసుకోకపోతే పంది కాస్త బెదిరినా కాల్షియం ఒక్కసారిగా బయటికొస్తుంది. కండరం వదులవదు, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఒళ్లు కాలిపోతుంది. వధించాక కళేబరం ఇంకా వేడిగా ఉండగానే ఆమ్లత పెరిగిపోవడంతో ప్రోటీన్లు దెబ్బతిని నీటిని పట్టి ఉంచలేవు. అదే లోపం పందిని కండపట్టిస్తుంది కూడా. కండను చూసి ఏరినవాళ్లు తెలియకుండా జబ్బునూ ఏరారు.

దీన్ని పట్టడానికి మొదట వాడింది హాలోథేన్ పరీక్ష. పందిపిల్ల మూతికి ముసుగు పెట్టి ఈ మత్తువాయువును కొన్ని నిమిషాలు పీల్చనిస్తారు. కాళ్లు కర్రల్లా బిగిస్తే లోపం ఉన్నట్టు. అయితే, జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుంటాయి; రెండింటిలోనూ లోపమున్న పిల్లలే ఇలా దొరికేవి. ఒక్క ప్రతిలోనే లోపమున్నవి హాయిగా నిద్రపోయేవి. అలాంటి రెండింటిని జతకడితే పిల్లల్లో సగటున నాలుగో వంతు మళ్లీ జబ్బువే. 1991లో ఆ జన్యువు డీఎన్ఏలో తప్పు అక్షరం ఏదో తేలాకే, కాస్త నెత్తురు తీసి డీఎన్ఏ చూసి అలాంటి పందులనూ పక్కన పెట్టగలిగారు.

ఈతకు ఎన్ని పిల్లలన్నది ఇంకో రకం తలనొప్పి. ఇందులో వంశం వాటా పదో వంతే, పైగా మగపంది ఈనదు. 2009లో వచ్చిన, డీఎన్ఏలో 60 వేల చోట్ల తేడాలను ఒకేసారి చదివే చిప్ ఇక్కడ అక్కరకొచ్చింది. అక్కచెల్లెళ్ల ఈతల లెక్కలతో పోల్చి, మగపిల్ల ఎదిగేలోపే దాని విలువను అంచనా కట్టవచ్చు. పిల్లల సంఖ్య పెరిగింది. కానీ గర్భంలో చోటు పెరగదు కదా! కిలో కూడా తూగని పిల్లలు ఎక్కువయ్యాయి, చనుమొనలు చాలలేదు. డెన్మార్క్‌లో 2004 నుంచి పుట్టిన పిల్లల్ని కాక, ఐదో రోజుకు బతికున్నవాటిని లెక్కపెట్టి ఎంపిక చేయడం మొదలుపెట్టారు. మొత్తం కథలో నాకు బాగా నచ్చిన దిద్దుబాటు ఇదే, కొలమానం ఒక్కటి మార్చారంతే.

బరువు, కొవ్వు, ఈత వంటి గుణాల వెనక వందలాది జన్యువులుంటాయి. ఒకటి రెండు కత్తిరిస్తే ఒరిగేదేమీ లేదు. జన్యు సవరణకు పని దొరికేది ఒక్క జన్యువుతో తేలిపోయే చోటే. పీఆర్‌ఆర్‌ఎస్ అలాంటి జబ్బు. చూడి పందులకు గర్భస్రావాలు, పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఈ వైరస్, క్రిములను మింగే మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల మీదుండే సీడీ163 ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి పోతుంది. ఆ ప్రోటీన్‌లో వరుసగా తొమ్మిది భాగాలుంటే వైరస్‌కు కావలసింది ఐదోది. మొత్తం జన్యువును తీసేస్తే, నెత్తురులో చితికిన హీమోగ్లోబిన్‌ను ఊడ్చే పని కూడా ఆగుతుంది. అందుకని జన్యువులో ఐదో భాగాన్ని రాసే ముక్కకు, అంటే ఏడో ఎక్సాన్‌కు, అటూ ఇటూ క్రిస్పర్ అనే డీఎన్ఏ కత్తెరతో కత్తిరిస్తారు. నడిమి ముక్క రాలిపోయి కొసలు అతుక్కుంటాయి.

ఫలదీకరణ జరిగిన ఒంటికణం పిండంలోకే కత్తెరను ఎక్కించి, పిండాలను మరో ఆడపంది గర్భంలో పెడతారు. తప్పేది ఇక్కడే. కణం రెండయ్యాక కూడా కత్తెర పనిచేస్తూ ఉంటే పిల్ల ఒంట్లో కొన్ని కణాలు మారతాయి, కొన్ని మారవు. చెవి ముక్కలో మార్పు కనిపించినా వీర్యంలో ఉండకపోవచ్చు. సంతానాన్ని పరీక్షిస్తేనే తేలుతుంది. పైగా మారని ప్రతి ఒక్కటున్నా వైరస్‌కు దారి దొరుకుతుంది. కాబట్టి ఒక్కో ప్రతి మారిన పందులను జతకట్టి, రెండూ మారిన పిల్లల్ని ఏరాలి. పన్నెండు పిల్లల ఈతలో సగటున మూడే అలాంటివి. ఒకే వంశంతో ఇదంతా చేస్తే దగ్గరి రక్తం కలిసి పిల్లల సత్తువ తగ్గుతుంది. అందుకే వాణిజ్యానికి తయారుచేసినప్పుడు నాలుగు వేర్వేరు వంశాల్లో ఈ మార్పు తెచ్చారు. 2025 ఏప్రిల్ 30న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వీటికి అనుమతిచ్చింది.

సీడీ163ను పూర్తిగా తీసేస్తే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా ఆగుతుందేమోనని పరీక్షించారు. అదీ మాక్రోఫేజ్‌లనే పట్టే వైరస్. సీడీ163 లేని పందులు కూడా మామూలువాటిలాగే జబ్బుపడ్డాయి. ఆ వైరస్ వచ్చే దారి వేరు.