సీఆర్‌పీ పెరిగితే సీరియస్ అయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో వానలు మొదలయ్యాయంటే ల్యాబ్‌లో మాకు ఊపిరి సలపదు. దగ్గు, జ్వరం, ఒళ్లునొప్పులతో జనం 'ఫీవర్ ప్యాకేజీ' అని అడిగి మరీ పరీక్షలు చేయించుకుంటారు. సాయంత్రానికి రిపోర్టులు వాట్సాప్‌లో వెళ్లిపోతాయి. ఆ వెంటనే ఫోన్లు మొదలవుతాయి. బయోకెమిస్ట్రీ డాక్టర్‌గా ఆ రిపోర్టుల మీద సంతకం నాదే కాబట్టి, వైద్యం చేసే డాక్టరు కన్నా ముందు ప్రశ్నలు నా దగ్గరికే వస్తాయి. ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్ జబ్బుల్లో ఈ అంకెలను, ముఖ్యంగా ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్) చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష అంకెను, ఎలా చూడాలో, పదేపదే వినపడే అపోహలతోనే మొదలుపెడతాను.

అపోహ: సీఆర్‌పీ ఎంత ఉంటే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అంత ఉన్నట్టు.

సీఆర్‌పీ అనే ఈ ప్రొటీన్ ఊపిరితిత్తుల్లో తయారు కాదు, కాలేయంలో తయారవుతుంది. ఒంట్లో ఎక్కడ వాపు పుట్టినా రోగనిరోధక కణాలు ఐఎల్‌-6 అనే సంకేతాన్ని పంపుతాయి, దాన్ని అందుకుని కాలేయం సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని మొదట గుర్తించింది న్యుమోనియా రోగుల రక్తంలోనే. అంతమాత్రాన ఇది న్యుమోనియా పరీక్ష కాదు. పంటి చిగురు చీము పట్టినా, కీళ్లవాతం తిరగబెట్టినా, మొన్ననే ఆపరేషన్ అయినా పెరుగుతుంది. బాగా లావుగా ఉన్నవాళ్లకు, సిగరెట్ తాగేవాళ్లకు ఏ జబ్బూ లేని రోజున కూడా కాస్త ఎక్కువే ఉండొచ్చు.

అలాగని పనికిరానిదేమీ కాదు. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్లలో సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకే ఆక్సిజన్, ఐసీయూ అవసరం ఎక్కువ పడిందని ఎన్నో దేశాల అనుభవం చెప్పింది. బ్రిటన్‌లో కోవిడ్ మందులపై జరిగిన రికవరీ ట్రయల్‌లో, వాపును అణచే టోసిలిజుమాబ్ అనే మందు ఇవ్వడానికి పెట్టుకున్న షరతులు చూడండి: సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, దాంతోపాటు ఆక్సిజన్ 92 శాతం కన్నా తక్కువైనా ఉండాలి, లేదా రోగి ఆక్సిజన్ మీదైనా ఉండాలి. ఒక్క సీఆర్‌పీని చూసి అంత పెద్ద మందు ఇవ్వలేదు. మన దగ్గర చాలామంది రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే పట్టుకున్నారు.

అపోహ: జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించుకుంటే ఎంత సీరియస్సో తేలిపోతుంది.

తేలదు. వాపు మొదలైన ఆరు నుంచి ఎనిమిది గంటల తర్వాత గానీ సీఆర్‌పీ పెరగడం మొదలవదు. సుమారు రెండు రోజులకు పైస్థాయికి చేరుతుంది. కారణం తగ్గిపోతే ప్రతి 19 గంటలకు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి పొద్దున జ్వరం వచ్చి మధ్యాహ్నం తీసిన రక్తంలో నార్మల్ ఉంటే సంబరపడటానికేం లేదు. మామూలు ఫ్లూలో మూడో రోజున లీటరుకు 40 మిల్లీగ్రాములు కనిపించినా హడలిపోనక్కర్లేదు, మనిషి తేరుకుంటుంటే అది దానంతటదే దిగుతుంది. అదే కోవిడ్‌లో ఏడెనిమిది రోజుల తర్వాత, జ్వరం తగ్గిందనుకున్నాక, సీఆర్‌పీ మళ్లీ పైకి వెళ్తుంటే మాత్రం డాక్టర్లు చెవులు రిక్కిస్తారు.

అందుకే శాంపిల్ ఇచ్చేటప్పుడు 'జ్వరం ఎన్నో రోజు' అన్నది ఫారం మీద రాయించండి. ఆ ఒక్క ముక్క లేకపోతే అంకెకు అర్థం సగమే. మళ్లీ చేయించాల్సి వస్తే ఒకటి రెండు రోజులు ఆగి, అదే ల్యాబ్‌లో చేయించడం మేలు. అదే ల్యాబ్ అని ఎందుకంటున్నానో చెప్తాను. ఒకసారి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మా నాన్నకు మొన్న 62 వచ్చింది. ఇవాళ మీ దగ్గర 5.1కి దిగింది. డిశ్చార్జి చేయమని అడగొచ్చా?"

"మొన్నటి రిపోర్టులో అంకె పక్కన ఏం రాసుందో చదువమ్మా."

"లీటరుకు మిల్లీగ్రాములు అని ఉంది."

"మాది డెసీలీటరుకు. మాది పదితో గుణించు."

అంటే 51. తగ్గడం నిజమే గానీ, ఇంటికి తీసుకెళ్లేంత తగ్గుదల కాదు. మా రిపోర్టు మీద కూడా యూనిట్ ఉంది, కాకపోతే అంకె లావుపాటి అక్షరాల్లో, యూనిట్ చీమతలంత అక్షరాల్లో! ల్యాబ్‌లన్నీ ఒకే యూనిట్‌కు వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. రక్తం గడ్డకట్టే తీరును చూపే డీ-డైమర్ పరీక్షతో ఇంకా చిక్కు. దాన్ని రెండు రకాల యూనిట్లలో ఇస్తారు, ఒకదానిలో వచ్చే అంకె రెండోదానికి దాదాపు రెట్టింపు. మిషన్ మారితే అంకె రెట్టింపయిందని రక్తం పలుచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టకూడదు కదా.

అపోహ: సీఆర్‌పీ ఎక్కువంటే బ్యాక్టీరియానే, యాంటీబయాటిక్ పడాల్సిందే.

బ్యాక్టీరియా న్యుమోనియాలో సీఆర్‌పీ వంద దాటడం మామూలే. కానీ కోవిడ్ ఒక్కటే ఉన్నా వంద దాటిన రిపోర్టులు మేం లెక్కలేనన్ని చూశాం. చిన్నపిల్లల్లో ఎడినోవైరస్ అయితే అచ్చం బ్యాక్టీరియాలాగే సీఆర్‌పీని ఎగదోస్తుంది. ప్రోకాల్సిటోనిన్ అనే మరో రక్తపరీక్ష ఈ విషయంలో కాస్త నయం, వైరస్ జబ్బుల్లో సాధారణంగా తక్కువగానే ఉంటుంది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఊరికే ఎక్కువ కనిపించొచ్చు. రిపోర్టు ఫొటో మెడికల్ షాపులో చూపించి అజిత్రోమైసిన్ కొనుక్కోవడం మాత్రం ఏ లెక్కలోనూ వైద్యం కాదు.

అపోహ: అంకెలు తగ్గాయి, ఇక గండం గడిచినట్టే.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ అపోహే. స్టెరాయిడ్ పడితే సీఆర్‌పీ దిగుతుంది. టోసిలిజుమాబ్ ఐఎల్‌-6 సంకేతాన్నే అడ్డుకుంటుంది కాబట్టి, అది ఇచ్చాక కాలేయం సీఆర్‌పీ తయారు చేయడమే దాదాపు ఆపేస్తుంది. అలాంటి రోగికి కొత్తగా బ్యాక్టీరియా సోకినా సీఆర్‌పీ అమాయకంగా నార్మల్ చూపిస్తుంది. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లలోనూ పెరగాల్సినంత పెరగకపోవచ్చు. స్టెరాయిడ్‌తో ఇంకో చోద్యం ఉంది. సీఆర్‌పీ తగ్గుతుంటే తెల్లకణాలు పెరుగుతాయి. సీబీపీలో (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) అవి పద్దెనిమిది వేలు చూసి ఇంట్లోవాళ్లు ఏడుపు మొదలుపెడతారు. చాలాసార్లు అది మందు ప్రభావమే, అయినా అవునో కాదో తేల్చాల్సింది రోగిని చూస్తున్న డాక్టరే.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయా? సీటీ స్కోరు, సీఆర్‌పీ, డీ-డైమర్ అన్న మాటలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో క్రికెట్ స్కోర్లలా తిరిగాయి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వల్ల ప్రాణాలు దక్కుతున్నాయని 2020 జూన్‌లోనే రికవరీ ట్రయల్ చెప్పింది. ఎవరికి? ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు, రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం కనపడలేదు. ఆ చివరి వాక్యం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఆక్సిజన్ 97 ఉన్న మనిషికి కూడా సీఆర్‌పీ 30 ఉందని ఇంట్లోనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. షుగర్లు నాలుగు వందలు దాటాయి. తర్వాత బ్లాక్ ఫంగస్ కేసులతో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోవడం నగరమంతా చూసింది. అదుపులేని షుగరు, అవసరానికి మించిన స్టెరాయిడ్ దాని ముఖ్య కారణాల్లో ఉన్నాయి.

అపోహ: ఎన్ని ఎక్కువ పరీక్షలు చేయిస్తే అంత మంచిది.

ల్యాబ్ మనిషిని అయ్యుండీ అంటున్నాను, కాదు. ఇంట్లో ఉండి తేరుకుంటున్న ఫ్లూ రోగికి ఐఎల్‌-6 అక్కర్లేదు. డబ్బులు దండగ, పైగా గంటగంటకూ మారే అంకె అది. ఐరన్‌ను నిల్వ చేసే ప్రొటీన్ ఫెరిటిన్ వానాకాలంలో మరీ మోసం చేస్తుంది, అదే సీజన్‌లో తిరిగే డెంగీలో అది వేలల్లోకి వెళ్లగలదు. డీ-డైమర్ వయసుతో పెరుగుతుంది, గర్భిణుల్లో పెరుగుతుంది. యాభై దాటినవాళ్లలో రక్తం గడ్డ లేదని తేల్చడానికి వయసును పదితో గుణించి హద్దు పెట్టుకునే పద్ధతి ఉంది. అంటే, రెండు యూనిట్లలో పెద్ద అంకె ఇచ్చేదాని ప్రకారం, డెబ్బై ఏళ్ల తాతకు 500 కాదు, 700.

కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ సంగతి మా బల్ల మీద చూడాలి. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలే సీరమ్ లేత పసుపు రంగులో ఉండాలి. సన్న నరంలోంచి సిరంజి గట్టిగా లాగినా, ట్యూబును విసురుగా కుదిపినా ఎర్రకణాలు పగిలి, సీరమ్ రూఅఫ్జా కలిపిన నీళ్ల రంగులోకి తిరుగుతుంది. ఎర్రకణాల నిండా ఎల్‌డీహెచ్ ఉంటుంది కాబట్టి ఆ శాంపిల్‌ను మిషన్‌లో పెడితే అంకె ఆకాశాన్నంటుతుంది. మంచి ల్యాబ్ అయితే 'శాంపిల్ పగిలింది, మళ్లీ ఇవ్వండి' అంటుంది. అలా అడిగినప్పుడు విసుక్కోకండి.

చవకైన సీబీపీలోనే చాలా ఉంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం ఎక్కువై లింఫోసైట్లు అనే రకం బాగా తగ్గుతుంటే జబ్బు ముదురుతోందేమోనని డాక్టరు జాగ్రత్త పడతారు. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలో మాత్రం ఈ లెక్క నమ్మలేం.

చిన్నాచితకా సందేహాలు కొన్ని. సీఆర్‌పీకి పరగడుపున రానక్కర్లేదు. వాపును చూపే మరో పరీక్ష ఈఎస్‌ఆర్ నెమ్మదిగా పెరిగి, వారాల తరబడి దిగుతుంది, రక్తహీనత ఉన్నా పెరుగుతుంది. ఇలా రోజుల్లోనే మారిపోయే జబ్బుకు అది ఉపయోగపడదు. పసుపు పాలు తాగితే సీఆర్‌పీ తగ్గిందా అంటే, మామూలు వైరల్ జ్వరంలో అది నాలుగో రోజుకు ఎలాగూ తగ్గుముఖం పడుతుంది. మధ్యలో ఎవరు ఏం తాగించారో వాళ్ల ఖాతాలో పడుతుంది. పాలు తాగండి, తప్పేం లేదు.

ఇక తీవ్రతను ఇంట్లో ఎలా కనిపెట్టాలంటారా? మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు, వాళ్లకు తెలియకుండా, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో 24 లేదా ఎక్కువ ఉంటే ఆగకూడదు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు పసివాళ్లలో 50, అంతకన్నా చిన్నవాళ్లలో 60 హద్దు. ఆక్సిజన్ చూసేటప్పుడు గోళ్ల రంగు తుడిచి, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేసి, అంకె నిలకడగా నిలిచేదాకా చూడండి. 94 కన్నా తక్కువ ఉన్నా, మాట తడబడుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, పసిపిల్ల పాలు తాగడం మానేసినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇచ్చిన శాంపిల్ రిపోర్టు కోసం ఇంట్లో ఎదురుచూడొద్దు, అది మీ వెనకాలే ఫోన్‌లోకి వస్తుంది.