దూలాల చివర చేరే చెమ్మ

మే నెలలో నెల్లూరులో ఏసీ బిగించే మెకానిక్ రాగి పైపుల మీద నల్లటి ఫోమ్ తొడుగు వేస్తాడు. అది చిరిగితే ఆ చోటునుంచే బొట్లు బొట్లుగా నీళ్లు కారతాయి. అవి పైపులోని నీళ్లు కావు, గాలిలోవి. సముద్రం మీంచి వచ్చే తేమగాలి చల్లటి రాగిని తాకగానే అందులోని ఆవిరి నీరవుతుంది.

కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి వెళ్లి అమెరికాలో మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో కొత్త ఇల్లు కట్టించుకునేవాళ్లకు ఈ సంగతే తిరగబడి ఎదురవుతుంది. అక్కడ తేమ లోపల, చలి బయట.

అక్కడి ఇంటికి కింద కాంక్రీటు బేస్‌మెంట్, దాని మీద చెక్క దూలాలు. ఆ దూలాల కొసలను కలుపుతూ ఇంటి చుట్టూ ఒక చెక్క పట్టీ ఉంటుంది. దాన్నే రిమ్ జాయిస్ట్ అంటారు. మందం సాధారణంగా ఒకటిన్నర అంగుళం. జనవరిలో బయట మైనస్ 20 డిగ్రీలకు పడిపోయే రాత్రులుంటాయి. అప్పుడు ఆ చెక్క లోపలి ముఖం కూడా బాగా చల్లబడుతుంది. గదిలో 21 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉన్నాయనుకోండి. ఆ గాలి 7 డిగ్రీల దగ్గరికి చల్లబడితే చాలు, నీరు దిగుతుంది. ఇంకా చల్లగా ఉంటే మంచు పేరుకుంటుంది. కొత్త ఇంటికి ఈ బెడద ఎక్కువ. కాంక్రీటు, చెక్క ఇంకా ఆరుతూ ఉంటాయి కాబట్టి మొదటి చలికాలం ఇంట్లో తేమ మామూలు కన్నా ఎక్కువే.

ఇక్కడే చాలామంది బిల్డర్లు తప్పు చేస్తారు. దూలాల మధ్య ఖాళీలో ఫైబర్‌గ్లాస్ దూది కుక్కి వదిలేస్తారు. ఆ దూది వేడిని కొంత ఆపుతుంది గానీ గాలిని ఆపదు. పైగా లోపలి వేడి చెక్కకు అందకుండా చేస్తుంది కాబట్టి చెక్క ఇంకా చల్లబడుతుంది. దూదిలోంచి దూరిన తేమగాలి సరిగ్గా అక్కడే నీరవుతుంది. పైకి కనిపించదు. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం అలాగే ఉంటే బూజు పడుతుంది, ఇంకా పెరిగితే చెక్క కుళ్లుతుంది.

కాబట్టి ముందు గాలిని ఆపాలి, తర్వాతే వేడి సంగతి. రెండు అంగుళాల గట్టి ఫోమ్ షీటును ప్రతి ఖాళీకి సరిపడా కోసి, నాలుగు అంచులనూ డబ్బాలోంచి చిమ్మే ఫోమ్‌తో మూసేస్తే పని జరుగుతుంది. పిచికారీ చేయగానే ఉబ్బి గట్టిపడే క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్ అయితే ఒకే దెబ్బకు రెండూ చేస్తుంది. అంగుళం మందానికి దాని ఆర్ విలువ, అంటే వేడిని ఆపే శక్తి, సుమారు 6, దూదికి మూడున్నర దాకా. ఖర్చు మాత్రం ఎక్కువ. ఇల్లు ఇంకా కడుతుంటే అన్నిటికన్నా మంచి దారి వేరే ఉంది: ఫోమ్‌ను బయటివైపే తొడిగితే చెక్క వెచ్చగా ఉంటుంది, నీరు దిగే అవకాశమే తగ్గుతుంది.

ఫోమ్ మండే సరుకు. అక్కడి నిబంధనలు రిమ్ జాయిస్ట్ దగ్గర స్ప్రే ఫోమ్‌ను, మంటను అడ్డుకునే పొర కప్పకుండా, కొన్ని షరతులతో మూడుంబావు అంగుళాల మందం వరకే ఒప్పుకుంటాయి. ఇవన్నీ బేస్‌మెంట్ సీలింగ్ మూయకముందే, టార్చి వేసి ఒక్కో ఖాళీనీ చూసి తేల్చుకోవాలి.