చిట్టీ, కార్డు బతికే ఉంది

పశ్చిమ మాంబలం, చెన్నై
మంగళవారం రాత్రి

చిట్టీ, కన్నా,

ఆదివారం పినాకిని ఎక్కేటప్పుడు చిట్టి కళ్ళల్లో నీళ్ళు చూశాను. "నా వల్లే పాడైంది తాతయ్యా" అంది. అంతలో రైలు కదిలింది, జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులుగా ఆ మాటే మనసులో మెదులుతోంది. శనివారం మనం చల్లబరిచే నీళ్ళు (కూలెంట్) పోశాక, ఆదివారం బొమ్మ రాకుండా పోయిన కంప్యూటర్ ఇప్పుడు నా ఎదురుగా నడుస్తోంది. బొమ్మ నిలకడగా ఉంది. తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డుకు ఏమీ కాలేదు. చిట్టి కూలెంట్ పోస్తున్నప్పుడు కార్డు మీద పడిన ఆ రెండు చుక్కలకూ తెర నల్లగా ఉండిపోవడానికీ సంబంధమే లేదు.

ఎందుకు లేదో చెప్తాను. శనివారం సాయంత్రం గొట్టాల్లో కూలెంట్ పోసినప్పుడు కరెంటు ఇచ్చింది పంపు ఒక్కదానికే. బోర్డుకూ (విడిభాగాలన్నీ కూర్చునే మదర్‌బోర్డుకు) కార్డుకూ వెళ్ళే తీగలన్నీ ముందే పీకేశాం. కింద టిష్యూ కాగితాలు పరిచాం. గొట్టం అతుకు దగ్గర ఓ-రింగ్ (నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు వలయం) గాడిలోంచి జారి ఉండడంతో రెండు చుక్కలు కార్డు మీద పడ్డాయి. కరెంటు లేని కార్డు మీద నీళ్ళు పడితే తుడిచి, బాగా ఆరనిస్తే చాలు. కరెంటు ఉన్నప్పుడు పడితేనే ప్రమాదం. కూలెంట్‌గా పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు పెద్దగా పారదనేది నిజమే కానీ, గొట్టాల్లో తిరిగేకొద్దీ అందులో రాగి, నికెల్ కొద్దికొద్దిగా కలుస్తాయి. బోర్డు మీది దుమ్ము కూడా కలిస్తే ఇక అది కుళాయి నీళ్ళలాంటిదే, కరెంటు పారుతుంది. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద పెట్టించాను. మన చెన్నై గాలిలో తేమ ఎక్కువ కదా, రెండు మూడు గంటల్లో ఆరిపోతుందని నమ్మకూడదు.

మరి బొమ్మ ఎందుకు రాలేదు? నేను టీవీలు బాగుచేసే రోజుల్లో ఎవరైనా వచ్చి "బొమ్మ రావట్లేదు" అంటే, ముందు "శబ్దం వస్తోందా?" అని అడిగేవాణ్ణి. శబ్దం వస్తుంటే సగం సెట్టు బాగున్నట్టే, వెతకాల్సింది మిగతా సగంలోనే. కంప్యూటర్‌కూ అలాంటి ప్రశ్న ఉంది. మన బోర్డు అంచున నాలుగు చిన్న దీపాలుంటాయి: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్, అంటే కంప్యూటర్ మెమరీ), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ (విండోస్ ఉండే డిస్కు). స్విచ్ వేయగానే బోర్డు ఒక్కొక్కదాన్ని పరీక్షిస్తూ పోతుంది. ఎక్కడ ఆగిపోతే అక్కడి దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆదివారం పొద్దున మనం ఆ దీపాల వైపు చూడనే లేదు. కొత్త గొట్టం సరిగ్గా వాటికి అడ్డంగా వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పంపు చప్పుడు చేస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది, కాబట్టి కార్డే పోయిందని ముగ్గురం అనేసుకున్నాం.

సోమవారం టార్చి వేసి చూస్తే వెలుగుతున్నది డీర్యామ్ దీపం. ర్యామ్ దొరక్కపోతే బోర్డు బొమ్మ దాకా రాదు, అక్కడే నిలబడిపోతుంది. బయటనుంచి చూసేవాళ్ళకి అది తెర జబ్బులాగే కనిపిస్తుంది. వాటర్ బ్లాక్ (వేడిని నీళ్ళలోకి లాగే రాగి దిమ్మె) విప్పడానికి ర్యామ్ తీసింది నేను, ఆదివారం తొందరలో తిరిగి పెట్టిందీ నేనే. ఒక ర్యామ్‌కు ఒక కొస పూర్తిగా దిగలేదు. తప్పు నాది చిట్టీ, నీది కాదు.

గోడ దగ్గర స్విచ్ ఆపి, మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ ఒకసారి నొక్కి, రెండు ర్యాములూ తీసేశాను. ఒక్కదాన్నే, బోర్డు పుస్తకంలో చెప్పిన గాడిలో, టక్కుమనేదాకా నొక్కాను. స్విచ్ వేశాక ఒక నిమిషం, రెండు నిమిషాలు... ఏమీ లేదు. గుండె జారింది, కానీ ఆపలేదు. డీడీఆర్5 రకం ర్యామ్ కొత్తగా పెట్టినప్పుడు బోర్డు దానికి తగిన వేగం, ఓల్టేజీ సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పుడు తెర నల్లగానే ఉంటుంది. ఓపిక లేక మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. మూడో నిమిషంలో బొమ్మ వచ్చింది. పడుకున్న మీ నాయనమ్మను లేపి మరీ చూపించాను.

తర్వాత రెండో ర్యామ్ పెట్టాను, అదీ బాగుంది. అప్పటికీ బోర్డుకు ర్యామ్ దొరక్కపోయుంటే ప్రాసెసర్ మీది వాటర్ బ్లాక్ మరలు చూసేవాణ్ణి. ఒక మూల ఎక్కువ బిగిస్తే ప్రాసెసర్ పిన్నుల మీద ఒత్తిడి సమంగా పడక, ర్యామ్ ఒక వరస కనబడకుండా పోవచ్చు. వాటిని కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలలు బిగించాలి.

అంతటితో కథ అయిపోలేదు. విండోస్ వచ్చాక ప్రతి అయిదు నిమిషాలకోసారి తెర ఒక్క క్షణం నల్లబడడం మొదలైంది. మానిటర్ కేబుల్ మీద నాకు అనుమానం రాలేదు, ఎందుకంటే దాన్ని పొద్దున్నే మీ బాబాయి ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను, బొమ్మ చక్కగా వచ్చింది. గంటసేపు డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) తీసి వేసి విసిగిపోయాక లెక్క కట్టాను. మన మానిటర్‌లో 3840 అడ్డం, 2160 నిలువు, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు (పిక్సెళ్ళు). ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు. గుణిస్తే సెకనుకు సుమారు 1,200 కోట్ల బిట్లు. ల్యాప్‌టాప్ పంపింది 1920, 1080 మాత్రమే, అంటే అందులో పావు వంతు. పాత హెచ్‌డీఎంఐ కేబుల్ పావు బరువు మోసింది, పూర్తి బరువు మోయలేకపోయింది. పైగా బల్లకూ గోడకూ మధ్య అది మడత పడి ఉంది. కాబట్టి కేబుల్‌ను పరీక్షిస్తే, మీరు రోజూ వాడే సైజులోనే, అదే మానిటర్‌కే పరీక్షించండి.

ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి సెకనుకు 18 గిగాబిట్లు, అంటే 1,800 కోట్ల బిట్లు, మోసే కేబుల్ తెచ్చాను. నిన్న రాత్రినుంచి ఒక్కసారి కూడా నల్లబడలేదు.

మీ స్నేహితుల దగ్గర ఇలాంటిది జరిగితే ఒక్కటి ముందు చూడమనండి: కేబుల్ తగిలించింది కార్డుకా, బోర్డుకా? వెనక రెండు చోట్లా ఒకే రకం రంధ్రాలుంటాయి. కార్డు ఉన్నప్పుడు కార్డుకే తగిలించాలి. అలాగే కార్డు మీది వాటర్ బ్లాక్ రాగి బరువుకు కార్డు కిందికి వంగి, గాడిలోంచి కొంచెం లేవవచ్చు. కింద ఒక ఆసరా పెడితే సరిపోతుంది. నిజంగా కార్డే దెబ్బ తింటే వీజీఏ దీపం వెలుగుతూనే ఉండవచ్చు, లేదా తెర మీద రంగు గీతలు, గళ్ళు రావచ్చు. కాసేపు ఆడాక గళ్ళు వస్తే కార్డు మెమరీ చిప్పుల మీద పెట్టే ప్యాడ్ (వేడిని వాటర్ బ్లాక్‌కు చేరవేసే మెత్తని ముక్క) మందం తప్పిందేమో చూడాలి. మనకు ఇవేవీ రాలేదు.

కన్నా, నీ ఆటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వచ్చే వేసవికి కూలెంట్ మళ్ళీ మార్చాలి. చిట్టీ, అప్పుడు పొయ్యాల్సింది నువ్వే. కొత్త ఓ-రింగులు డబ్బాలో వేసి, మూత మీద నీ పేరు రాసిపెట్టాను.

మీ
తాతయ్య