పాసుపుస్తకం మీది ఫొటో, ఆర్కాటు నవాబు పటం

పట్టాదారు పాసుపుస్తకం అట్ట మీద పాలకుడి ఫొటో ఉండాలా, రాజముద్ర ఉండాలా అనే వాదన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో మళ్లీ వినిపిస్తోంది. భూముల రీసర్వే జరగడం, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఫొటోతో పుస్తకాలు రావడం, 2024లో ప్రభుత్వం మారాక రాజముద్రతో కొత్తవి ఇవ్వాలని నిర్ణయించడం అందరికీ తెలిసినవే. పాలకుడి రూపానికీ పాలించే హక్కుకూ ఉన్న లంకె తెలియాలంటే ఈ ప్రాంతం ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉన్న రోజులను చూడాలి.

నవాబు మహమ్మదాలీ గద్దె కోసం ఏళ్ల తరబడి పోరాడినవాడు; సొంత సోదరుడు నజీబుల్లాయే నెల్లూరులో ఆయనకు ఎదురు తిరిగాడు. 1763 నాటి పారిస్ సంధి ఆయనను కర్ణాటక నవాబుగా, అంటే ఆర్కాటు ప్రభువుగా, గుర్తించింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానా (రాజాజ్ఞ) ఆయన మీద నిజాం పెత్తనాన్ని తప్పించింది. కాగితం మీద హక్కు స్థిరపడింది గానీ, కాపలా సైన్యం ఈస్టిండియా కంపెనీది, వసూలైన శిస్తు అప్పులవాళ్లది. సరిగ్గా ఆ దశలోనే, 1769లో మద్రాసు చేరిన ఇంగ్లీషు చిత్రకారుడు టిల్లీ కెటిల్ చేత, ఆ తరువాత జార్జి విల్లిసన్ చేత ఆయన తన పటాలు వేయించుకున్నాడు. తెల్లని పల్చటి జామా, మెడలో ముత్యాల పేటలు, చేతి కింద కత్తి. ఐరోపా రాజులు ఇలాగే వేయించుకునేవారు: 1701లో రిగో చిత్రించిన ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అరవై మూడేళ్లు, కాళ్లు మాత్రం పడుచువాడివి, రాజదండాన్ని తలకిందులుగా పట్టి చేతికర్రలా ఆనించి నిలబడతాడు. నవాబు పటాల్లో కొన్ని ఓడలెక్కి ఇంగ్లండు చేరాయి. తాను స్వతంత్ర ప్రభువునని ఆయన నమ్మించవలసింది అక్కడివారినే. శిస్తు కట్టే నెల్లూరు రైతు ఆ పటాలను చూడనే లేదు. 1781లో ఆ శిస్తు వసూలునే ఆయన కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. 1801 జూలై 31 ఒప్పందంతో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు పూర్తిగా కంపెనీవయ్యాయి. మరుసటి ఏడు వెంకటగిరి జమీందారుకు హక్కు దక్కింది పటంతో కాదు, కంపెనీకి కట్టవలసిన పేష్కషు (కప్పం) ఇంతని తేల్చిన సనదుతో, అంటే హక్కు పత్రంతో.

రీసర్వే చేయించిన ప్రభుత్వం తన గుర్తు వేసుకోవడంలో తప్పేముందన్నది ఒక పక్షం మాట. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేను పుస్తకం మీద పాలకుడి ముఖం ఎందుకన్నది రైతు మాట. ఆ పుస్తకాన్ని ఎవరూ దయతలచి ఇవ్వలేదు. పంట రుణానికి బ్యాంకులో చూపేది, పిల్ల పెళ్లికి పొలం అమ్మితే రిజిస్ట్రారు ఆఫీసుకు పట్టుకెళ్లేది అదే. ప్రభుత్వం మారినప్పుడల్లా అట్ట మారితే, పెట్టెలో ఉన్న పాతది చెల్లుతుందో లేదో కనుక్కోవడానికి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగవలసింది ఆ రైతే.