మిషన్‌లో దాక్కున్న సుత్తి

“ఇంపాక్ట్ డ్రైవర్ కొందామనుకుంటున్నా. బ్యాటరీదానికన్నా కరెంటుదే బలంగా ఉంటుంది కదా?” అని ఒక పాఠకుడు అడిగారు. దెబ్బలు కొడుతూ స్క్రూలు తిప్పి బిగించే మిషన్ ఇది. అంకెలు చూస్తే తిరకాసుగా ఉంది. మకీటా కరెంటు డ్రైవర్ టీడీ0101 మోటారు 230 వాట్లు, గరిష్ఠ టార్క్ (అంటే తిప్పే బలం) 100 న్యూటన్ మీటర్లు. అదే కంపెనీ 18 వోల్టుల బ్యాటరీ మోడల్ డీటీడీ152 టార్క్ 165!

పంక్చర్ షాపులో కారు చక్రం నట్టు మొరాయిస్తే కుర్రాడు ఏం చేస్తాడు? స్పానర్ మీద బరువంతా వేసి నొక్కుతాడు. కదలదు. కాలెత్తి ఒక్క తన్ను తంతాడు, కిర్రుమని వదులవుతుంది. మనిషి అదే, కాలూ అదే. ఊపు కూడగట్టుకోవడానికి అరసెకను పట్టింది, ఖర్చు మాత్రం రెప్పపాటులో అయిపోయింది.

డ్రైవర్‌లో జరిగేదీ ఈ తన్నే, సెకనుకు 50 సార్లకు పైగా. మోటారు తిప్పే ఇరుసు మీద ‘వి’ ఆకారపు గాడులు, వాటిలో ఉక్కు గోళీలు, ఇరుసు చుట్టూ బరువైన సుత్తి, దాని వెనక గట్టి స్ప్రింగు. ముందు దాగలి. కమ్మరి కొలిమి దగ్గరిది కాదు, రెండు చెవులున్న చిన్న ఉక్కు ముక్క. స్క్రూ తలలో కూర్చునే బిట్ దూరేది దానిలోకే. స్క్రూ తేలిగ్గా దిగుతున్నంతసేపు సుత్తీ దాగలీ కలిసే తిరుగుతాయి. స్క్రూ బిగుసుకోగానే దాగలి ఆగుతుంది, ఇరుసు ఆగదు. గోళీలు గాడి వెంట దొర్లి సుత్తిని వెనక్కి లాగుతాయి, స్ప్రింగు నొక్కుకుంటుంది, సుత్తి కొమ్ములు దాగలి చెవుల్ని దాటేస్తాయి. ఇక అడ్డు లేదు. స్ప్రింగు సుత్తిని ముందుకు విసురుతుంది, అది అరచుట్టు తిరిగి మళ్లీ చెవుల మీద ఠప్పున పడుతుంది.

లెక్క వేద్దాం. సుత్తికి 150 వాట్లు అందాయనుకోండి. సెకనుకు 50 దెబ్బలైతే దెబ్బకు 3 జౌళ్ల శక్తి. అవి 100 న్యూటన్ మీటర్ల టార్క్‌గా ఖర్చయితే స్క్రూ తిరిగేది 0.03 రేడియన్లు, రెండు డిగ్రీలు కూడా కాదు. గడియారంలో సెకన్ల ముల్లు ఒక్క గంతుకు 6 డిగ్రీలు వేస్తుంది. మరి చేతికి తగిలేదెంత? అవే 3 జౌళ్లను కూడబెట్టడానికి ఇరుసు అరచుట్టు, అంటే 3.14 రేడియన్లు తిరిగింది. భాగిస్తే సుమారు 1 న్యూటన్ మీటరు. పది సెంటీమీటర్ల పుల్ల చివర కిలో చక్కెర పొట్లం వేలాడదీసినంత! స్క్రూకి వంద, మణికట్టుకి ఒకటి. బళ్లో ప్రచోదనం (ఇంపల్స్) పాఠాన్ని ఫీల్డరు క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుని, సమయం పెంచి దెబ్బ తగ్గించుకోవడంతో ముగించేస్తారు. దాన్నే తిరగేస్తే ఈ మిషన్ వస్తుందని మాకెవరూ చెప్పలేదు.

కాబట్టి దెబ్బ బలం సుత్తి బరువులో, వేగంలో, స్ప్రింగులో ఉంది. ఆ 150 వాట్లు ఇవ్వడం ప్లగ్గుకూ బ్యాటరీకీ ఇద్దరికీ చిన్న పనే. 230 వాట్లకు 18 వోల్టుల బ్యాటరీ 13 ఆంపియర్లు ఇవ్వాలి, ఇప్పటి లిథియం సెల్స్‌కు అది లెక్కే కాదు. 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఆ భారంతో ట్రిగ్గర్ నొక్కి పట్టినా 20 నిమిషాలు దాటి నడుస్తుంది. కరెంటుదానికి 1 ఆంపియర్ చాలు. పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు పెడితే డ్రైవర్ నీరసపడుతుందన్న టెన్షనూ వద్దు: 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 30 మీటర్లు లాగినా పోయేది ఒక వోల్టు.

కొత్త బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచాలి, పూర్తిగా అయిపోయాకే మళ్లీ పెట్టాలి అనేవి నికెల్-కాడ్మియం కాలం నాటి నమ్మకాలు. లిథియానికి అసలు శత్రువు వేడి. మే నెలలో కారు డిక్కీలో వదిలేయకండి.

నిచ్చెనెక్కి ఫాల్స్ సీలింగ్ బిగించేవాళ్లకు, మీటరు రాని కొత్త ఇళ్లలో పనిచేసేవాళ్లకు బ్యాటరీదే. ఒకే బల్ల దగ్గర రోజంతా పని ఉంటే వైరుది చాలు. బ్యాటరీ వాడకుండా అలమరలో పెట్టినా ముసలిదవుతుంది.

పార్టికల్ బోర్డుకు మాత్రం రెండూ వద్దు. మా వార్డ్‌రోబ్ కీలుకు నేను ఈ సుత్తి వాడితే రెండో దెబ్బకే బోర్డులో మర అరిగి స్క్రూ ఊరికే తిరగసాగింది. ఆ బెజ్జంలో జిగురు రాసిన అగ్గిపుల్లలు కూరి, మర్నాడు చేత్తో బిగించాను.