కమ్యూనిటీ కాలేజీ: మనవాళ్ల అపోహలు, క్లాసులో నేను చూసిన వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పదిహేనేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా పెద్దమ్మ ఫోనులో "ఏ కులంవాళ్ల కాలేజీ అమ్మా?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర కమ్యూనిటీ సర్టిఫికెట్ అంటే కుల ధ్రువీకరణ పత్రమే కదా. ఇక్కడ మాత్రం కమ్యూనిటీ అంటే ఆ చుట్టుపక్కల బతికే జనమంతా. చదువుకుంటానని వచ్చినవాళ్లను మార్కులు చూసి వెనక్కి పంపని రెండేళ్ల కాలేజీ ఇది.

అపోహ: ఎక్కడా సీటు రానివాళ్లు చేరే చోటు

1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో ఇలాంటి కాలేజీ ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. యూనివర్సిటీ చదువులో మొదటి రెండేళ్లు ఇంటి దగ్గరే చదువుకోనివ్వాలన్నది దాని ఉద్దేశం. ఇవాళ ఒక్క కాలిఫోర్నియాలోనే 116 ఉన్నాయి. కోర్సు బరువును యూనిట్లలో కొలుస్తారు; రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. నా క్లాసులో పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కన, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఇద్దరు పిల్లల తల్లి కూర్చుంటుంది. ఇద్దరికీ చోటుండాలనే ఈ కాలేజీ పెట్టారు.

అపోహ: పునాది గట్టిపడేదాకా కింది క్లాసుల్లోనే ఉంచాలి

నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. చేరగానే ఎవరు ఏ స్థాయి కోర్సులో కూర్చోవాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టేవాళ్లం. అందులో తడబడితే యూనివర్సిటీ లెక్కలోకి రాని మూడు కోర్సులు వరసగా పూర్తిచేయాలి. అవి అయ్యాకే అసలు కోర్సు.

ఇందులో నష్టం ఎక్కడుందో లెక్కేసి చూడండి. వందమంది మొదటి కోర్సులో చేరారు. ప్రతి కోర్సులోనూ నూటికి ఎనభైమంది పాసై, వాళ్లలో మళ్లీ ఎనభై శాతం తర్వాతి కోర్సులో చేరతారనుకుందాం. మంచి ఫలితమే అనిపిస్తుంది కదా? మూడో కోర్సు దాటేసరికి మిగిలేది ముప్ఫైముగ్గురు. ఒక్క టీచరూ చెడ్డగా చెప్పలేదు, ఒక్క క్లాసులోనూ ఫలితం ఘోరంగా లేదు. మెట్లు ఎక్కువైనందుకే అరవై ఏడుగురు జారిపోయారు.

2017లో వచ్చిన ఏబీ 705 అనే రాష్ట్ర చట్టం ఈ మెట్లను తీసేయమంది. పరీక్ష బదులు హైస్కూలు మార్కులు చూడాలి, విద్యార్థిని నేరుగా అసలు కోర్సులో కూర్చోబెట్టాలి, అవసరమైనవాళ్లకు దానితోపాటే తోడుగా అదనపు క్లాసు ఇవ్వాలి. మా విభాగం సమావేశాల్లో దీన్ని వ్యతిరేకించినవాళ్లలో నేనొకదాన్ని. 2019 నుంచి పూర్తిగా అమలయ్యాక, మొదటి ఏడాదిలోనే యూనివర్సిటీ స్థాయి లెక్కలు పాసైనవాళ్ల సంఖ్య రాష్ట్రమంతటా బాగా పెరిగింది. ఇప్పటికీ నా స్టాటిస్టిక్స్ క్లాసులో తప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి నాకు దిగులుంది. 2022 నాటి ఏబీ 1705 కింద కాల్‌క్యులస్‌కూ ఇదే పద్ధతి తేవడం మీద నాకు ఇంకా సందేహాలున్నాయి. అయినా పాత మెట్ల వరసకు తిరిగి వెళ్దామంటే మాత్రం ఒప్పుకోను.

అపోహ: ఇన్నొవేషన్ అంటే కొత్త టెక్నాలజీ

నాకు తెలిసినంతలో ఈ రంగంలో అన్నిటికన్నా బాగా రుజువైన మార్పు న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ కిందున్న కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో మొదలైన ఏశాప్ అనే కార్యక్రమం. అందులో ఏముందంటే: బస్సు, మెట్రో ఎక్కడానికి ఉచిత కార్డు. పుస్తకాల ఖర్చుకు సాయం. ఆర్థిక సాయం పోగా మిగిలిన ఫీజు మాఫీ. తరచూ కలిసి తీరాల్సిన సలహాదారు, ఆ సలహాదారు చేతికింద పరిమితంగానే విద్యార్థులు. బదులుగా విద్యార్థి పూర్తికాలం చదవాలి.

లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పరీక్షించారు. రెండేళ్ల డిగ్రీని మూడేళ్లలోపు పూర్తిచేసినవాళ్లు ఏశాప్‌లో 40 శాతం, మామూలు పద్ధతిలో 22 శాతం. ఒక్కో విద్యార్థికి ఖర్చు ఎక్కువే అయినా, చేతికొచ్చిన ఒక్కో డిగ్రీకి లెక్కేస్తే తక్కువ తేలింది. న్యూయార్క్‌లో కాబట్టి కుదిరిందేమో అన్నవాళ్లున్నారు. తర్వాత ఒహాయోలో మూడు కాలేజీల్లో పెట్టి చూస్తే అక్కడా డిగ్రీలు దాదాపు రెట్టింపయ్యాయి.

అపోహ: గట్టి ప్రెసిడెంట్ (కాలేజీ అధిపతి) వస్తే కాలేజీ అదే మారుతుంది

కాలిఫోర్నియాలో ప్రెసిడెంట్ ఉత్తర్వు వేసి పాఠ్యక్రమం మార్చలేరు. 1988 నాటి ఏబీ 1725 చట్టం ప్రకారం అలాంటి విషయాల్లో అధ్యాపకుల ప్రతినిధుల సభ అయిన సెనేట్ మాట వినాల్సిందే. పైన ఓట్లతో గెలిచిన ట్రస్టీల బోర్డు ఉంటుంది. కాబట్టి ఇక్కడ నాయకత్వమంటే ఎక్కువభాగం ఓపికగా వినడమే.

టెక్సాస్‌లో అమరిల్లో కాలేజీకి 2023 దాకా ప్రెసిడెంటుగా పనిచేసిన రస్సెల్ లోవరీ-హార్ట్ చేసింది అదే. చదువుకు అడ్డొస్తున్నవేమిటో విద్యార్థులనే అడిగారు. పై పది అడ్డంకుల్లో పాఠాల కష్టం ఒక్కటీ లేదు. తిండి, ఇల్లు, రవాణా, పిల్లల్ని చూసుకునే దిక్కు, ఇవీ వాళ్లు చెప్పినవి. ఇల్లు లేకపోవడమంటే ఏమిటో తెలుసుకోవాలని ఒక వారాంతం ఆయనే వీధుల్లో గడిపారు. కాలేజీలో సామాజిక కార్యకర్తలను పెట్టారు, ఉచితంగా సరుకులిచ్చే గది తెరిచారు, పదహారు వారాల కోర్సుల్లో చాలావాటిని ఎనిమిది వారాలకు కుదించారు. ఉద్యోగం, సంసారం మధ్య నాలుగు కోర్సులు ఒకేసారి మోయడం కంటే రెండేసి చొప్పున పూర్తిచేయడం తేలిక. ఆ కాలేజీ 2023లో దేశంలోని ఉత్తమ కమ్యూనిటీ కాలేజీలకిచ్చే ఆస్పెన్ బహుమతిని మరో కాలేజీతో పంచుకుంది.

అపోహ: ఇక్కడ చదివితే మంచి యూనివర్సిటీ రాదు

మన తెలుగు తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు ఇక్కడ రెండేళ్లు చదివి షరతులు తీర్చినవాళ్లకు ముందే సీటు హామీ ఇస్తాయి. దాన్ని ట్యాగ్ అంటారు. బర్‌క్లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో ఆ హామీ ఇవ్వవు కానీ, మా దగ్గర్నుంచి ఏటా చాలామందిని తీసుకుంటాయి. కంప్యూటర్ సైన్స్ లాంటి కొన్ని ప్రధాన సబ్జెక్టులకు (మేజర్లకు) కొన్ని క్యాంపస్‌లలో ట్యాగ్ వర్తించదు, అది ముందే చూసుకోండి. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైటులో ఉంటుంది. దాన్ని చూడకుండా కోర్సులు తీసుకుని యూనిట్లు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టాలి. మీ పిల్లల్ని మొదటి సెమిస్టరులోనే కౌన్సెలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోమనండి.