తేయాకు కంపెనీల షేర్లు: తోట నుంచి బ్రాండు దాకా

అస్సాంలోనో ఉత్తర బెంగాల్‌లోనో తోటలున్న ఏ తేయాకు కంపెనీ లెక్కలు తీసి చూసినా, జనవరి–మార్చి త్రైమాసికంలో సాధారణంగా నష్టమే కనిపిస్తుంది. డిసెంబరులో ఆకు కోయడం ఆపేసి, మొక్కల కొమ్మలు కత్తిరించి, తోటకు చలికాలమంతా విశ్రాంతి ఇస్తారు. అమ్మడానికి కొత్త సరుకు ఉండదు గానీ కూలీలు, ఆసుపత్రి, ఫ్యాక్టరీ మరమ్మతుల ఖర్చు మాత్రం ఆగదు. వానలు పడి ఆకు విరగబూసిన జూలై–సెప్టెంబరు లెక్కలు వచ్చేసరికి అదే కంపెనీ మంచి లాభాల్లో ఉన్నట్టు కనబడుతుంది. కొత్తగా మార్కెట్లోకి వచ్చినవారు మొదటి లెక్క చూసి బెదరడమో, రెండో లెక్క చూసి ఎగబడడమో తరచుగా జరిగే పనే. ఏడాది పొడవునా కలిపి చూసుకుంటే ఈ పొరపాటు తప్పుతుంది. అంతకన్నా లోతైన ప్రశ్న వేరే ఉంది. దేశంలో పండే తేయాకులో దాదాపు ఐదింట నాలుగు వంతులు మన ఇళ్లలోనూ హోటళ్లలోనూ ఖర్చవుతుండగా, దాన్ని పండించే కంపెనీల వాటాదారులకు ఇన్నేళ్లుగా నిలకడైన ప్రతిఫలం ఎందుకు దక్కలేదు? దానికి జవాబు ఇవాళ్టి షేరు ధరల పట్టికలో దొరకదు, తేయాకు కంపెనీలు పుట్టిన నాటి నుంచి వెతకాలి.

1839 జనవరిలో అస్సాం తేయాకు ఎనిమిది పెట్టెలు లండన్ వేలానికి వచ్చాయి. చైనా సరుకు తప్ప మరొకటి ఎరగని ఆ నగరంలో అదొక వింత, అందుకే అసాధారణమైన ధర పలికింది. ఆ ఉత్సాహం చల్లారకముందే, అంటే ఫిబ్రవరిలోనే, 50 పౌండ్ల చొప్పున 10,000 షేర్లతో, 5 లక్షల పౌండ్ల మూలధనంతో అస్సాం కంపెనీ ఏర్పడింది. తేయాకు మీద ప్రజల నుంచి షేరు పెట్టుబడి సేకరించడం అక్కడే మొదలైంది. మరుసటి ఏడాది ఈస్టిండియా కంపెనీ తన ప్రయోగ తోటల్లో మూడింట రెండు వంతులను దీనికి అప్పగించింది. అయినా అడవి నరకడానికి మనుషులు దొరకలేదు, వచ్చినవారు జ్వరాలతో పోయారు, సాగు తెలిసినవారు అసలే లేరు. 1840ల నడుమ కంపెనీ మూతపడుతుందన్న మాట కూడా వినిపించింది. లాభంలోంచి సక్రమంగా డివిడెండు ఇవ్వగలిగింది 1850లు వచ్చాకే. ఎనిమిది పెట్టెల ధరను చూసి వేసిన అంచనాకూ, మొక్క నాటిన చోటి వాస్తవానికీ మధ్య పన్నెండేళ్లకు పైగా దూరం ఉందన్నమాట.

ఆ కంపెనీలో దివానుగా పనిచేసిన మణిరామ్ దివాన్ కొన్నేళ్లకు బయటికొచ్చి సొంతంగా తోటలు వేశాడు. వాణిజ్య పద్ధతిలో తేయాకు సాగుచేసిన తొలి భారతీయుడిగా ఆయన్ను చెప్పుకుంటారు. 1857 తిరుగుబాటులో పాలుపంచుకున్నాడని 1858 ఫిబ్రవరిలో జోర్హాట్‌లో ఉరితీశారు. ఆయన తోటలు జప్తయి వేలంలో ఐరోపావాళ్ల చేతికి పోయాయి. తేయాకు భూమి ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు తొలినాళ్ల నుంచీ ప్రభుత్వ నిర్ణయం మీదే ఆధారపడి ఉందని గుర్తుంచుకోవలసిన చోటు ఇది. ఈ సంగతి ఇవాళ్టి కథలో మళ్లీ వస్తుంది.

1859 తర్వాత వచ్చినదాన్ని చరిత్రకారులు టీ పిచ్చి అనే అర్థంలోనే రాస్తారు. బంజరు భూములను చవకగా ఇచ్చే నిబంధనలు వచ్చాయి. కలకత్తాలో 1861 డిసెంబరులో తేయాకు వేలం మొదలైంది. అస్సాం కంపెనీ, ఆ తర్వాత వచ్చిన జోర్హాట్ కంపెనీ ఇస్తున్న డివిడెండ్లు చూసి లండన్‌లోనూ కలకత్తాలోనూ కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి. తోట పెంచి ఆకు అమ్ముకోవడం కన్నా, తోటను కంపెనీకి అమ్మి పక్కకు తప్పుకోవడంలో ఎక్కువ డబ్బు ఉందని చాలామంది గ్రహించారు. ఆ రోజుల సంగతి ఒకటి పదే పదే చెబుతారు. ఫలానా బంజరును వెంటనే నరికించి తేయాకు నాటమని అక్కడి మేనేజరుకు లండన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. కారణమేమిటంటే, ఆ బంజరును ఎదిగిన తేయాకు తోటగా చూపించి అప్పటికే ఒక కంపెనీకి అమ్మేశారు. కాగితం మీద తోట ముందు పుట్టింది, మొక్క తర్వాత. 1865–66లో ఈ బుడగ పగిలినప్పుడు చిన్న మదుపరుల సొమ్ము ఆవిరైంది, చాలా తోటలు నామమాత్రపు ధరకు చేతులు మారాయి.

ఆ ఆరేడేళ్ల ఆర్భాటానికి మనుషులు చెల్లించిన మూల్యం ముందు మదుపరుల నష్టం చాలా చిన్నది. 1863–66 మధ్య అస్సాంకు తరలించిన దాదాపు 85,000 మంది కూలీల్లో సుమారు 30,000 మంది చనిపోయారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో చోటానాగపూర్, ఒడిశాలతో పాటు గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు కూడా ఆ తోటలకు వెళ్లారు. అస్సాంలో తేయాకు తెగలుగా పిలిచే సమూహాల్లో ‘తెలంగ’ పేరుతో వాళ్ల వారసులు నేటికీ ఉన్నారు. తేయాకు షేరు గురించి రాసేటప్పుడు ఈ మనుషుల సంగతి దాటేయడం నాకు ఇష్టం లేదు. నైతిక కారణం అలా ఉంచినా, తోట ఖర్చులో పెద్ద భాగం వాళ్ల కూలీయే కనుక లెక్క రీత్యా కూడా దాటేయడం కుదరదు.

పతనం తర్వాత పగ్గాలు మేనేజింగ్ ఏజెన్సీలు అందుకున్నాయి. ఆండ్రూ యూల్, డంకన్ బ్రదర్స్, విలియమ్సన్ మేగర్ వంటి కలకత్తా సంస్థలు ఒక్కొక్కటీ ఎన్నో తేయాకు కంపెనీలను నడిపేవి. షేర్లు ఇంగ్లండులోని వేలాది మంది చేతుల్లో ఉంటే, నిర్ణయాలు మాత్రం కలకత్తాలోని ఒక కార్యాలయంలో జరిగేవి. ఏజెన్సీకి అమ్మకాల మీద కమిషను ఉండేది, బొగ్గు, యంత్రాలు, పెట్టెలు, బీమా ఏది కొన్నా అందులోనూ ఆదాయం ఉండేది. వాటాదారుకు డివిడెండు వచ్చినా రాకపోయినా నడిపేవాడి రాబడికి పెద్దగా లోటు ఉండేది కాదు. 1930ల తొలి సంవత్సరాల మాంద్యంలో ధరలు కుప్పకూలినప్పుడు భారత్, సిలోన్, డచ్చివారి ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) కలిసి ఎగుమతులకు పరిమితి విధించుకునే ఒప్పందం 1933లో చేసుకున్నాయి. సరుకు తగ్గించి ధర నిలబెట్టే ఆ ఉపాయం అప్పటికి ఫలించింది. మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతిని చట్టం ద్వారా రద్దు చేసింది 1970లో. పద్ధతి పోయింది గానీ, ఒకే కుటుంబం లేదా ఒకే గ్రూపు చేతిలో తోటల కంపెనీ, దాని పక్కనే మరెన్నో వ్యాపారాలు ఉండే అమరిక మిగిలిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన రెండు చట్టాలు తోట కంపెనీ ఆర్థిక స్వరూపాన్ని నిర్ణయించాయి. 1951 నాటి ప్లాంటేషన్ కార్మిక చట్టం ఇల్లు, వైద్యం, తాగునీరు, పసిపిల్లల సంరక్షణ బాధ్యతలను యజమాని మీద పెట్టింది. 1953 నాటి తేయాకు చట్టంతో, ఈ రంగాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ టీ బోర్డు ఏర్పడింది. ఇక పన్ను సంగతి. తేయాకు పండించి, ఆ ఆకును తానే తయారుచేసే కంపెనీ ఆదాయంలో 40 శాతాన్ని వ్యాపార ఆదాయంగా కేంద్రం పన్ను లెక్కలోకి తీసుకోవాలనీ, మిగిలిన 60 శాతాన్ని వ్యవసాయ ఆదాయంగా రాష్ట్రాలకు వదలాలనీ 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లో 8వ నియమం చెప్పింది. వ్యవసాయ కంపెనీ అనగానే పన్నే ఉండదని కొందరు మదుపరులు అనుకుంటారు, అది సరికాదు. రాష్ట్రం తన వాటా మీద పన్ను వేస్తుందా, మినహాయింపు ఇస్తుందా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టం.

కూలీ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. అస్సాం బ్రహ్మపుత్ర లోయలో రోజు కూలీ 2022లో 232 రూపాయలు, 2023 అక్టోబరులో అది 250 రూపాయలయింది. కంపెనీలు ఈ పెంపును భారంగానే చూపిస్తాయి, వేలం ధర పెరగని ఏడాది అది నిజంగానే భారం. అయితే ఆ 250 రూపాయలు ఏ లెక్కన చూసినా ఎక్కువ కూలీ కాదు. కూలీని ఇంకా అణచి ఉంచితేనే లాభం కనబడే కంపెనీలో దీర్ఘకాలం మదుపు పెట్టడం కూడా తెలివైన పని కాదు, ఎందుకంటే ఆ ఖర్చు పెరిగి తీరుతుంది, పెరగాలి కూడా.

మన దేశపు చిన్న మదుపరి చేతికి పేరున్న తోటల షేర్లు పెద్ద ఎత్తున వచ్చింది 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం వల్ల. చాలా రంగాల్లో విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించమన్న ఆ చట్టం తేయాకు తోటల్లో 74 శాతం దాకా అనుమతించింది. పౌండ్లలో నడిచిన కంపెనీలు రూపాయల కంపెనీలుగా మారి, మిగిలిన వాటాను ఇక్కడివారికి అమ్మాయి. గుడ్‌రిక్ అనే తేయాకు కంపెనీ అలా 1977లో ఎనిమిది పాత కంపెనీల కలయికతో వచ్చినదే. టాటాలు బ్రిటిష్ సంస్థ జేమ్స్ ఫిన్లేతో కలిసి మొదలుపెట్టిన సంస్థ 1983లో టాటా టీ అయింది. అప్పట్లో సోవియట్ యూనియన్ మన తేయాకుకు అతి పెద్ద కొనుగోలుదారు కావడంతో గిరాకీకి దిగులుండేది కాదు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. కొన్నేళ్లు తడబడిన ధర 1998లో బాగా పెరిగి, ఆ వెంటనే మొదలైన పతనం 2000ల నడుమ దాకా సాగింది. ఉత్తర బెంగాల్‌లోని డూవార్స్‌లో తోటలు మూతపడి, కూలీ కుటుంబాలు ఆకలితో అల్లాడిన రోజులు అవే.

అదే సమయంలో మరో మార్పు మెల్లగా జరిగింది. సొంత ఫ్యాక్టరీ లేని చిన్న రైతులు తేయాకు వేసి, పచ్చి ఆకును కొని తయారుచేసే ఫ్యాక్టరీలకు అమ్మడం మొదలుపెట్టారు. ఒక కిలో తయారీ టీకి సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కావాలి. ఆ ఆకును పెద్ద తోటల కన్నా తక్కువ ఖర్చుతో ఇవ్వగలిగిన ఈ రైతులు ఇప్పుడు దేశపు ఉత్పత్తిలో సగానికి పైగా పండిస్తున్నారు. దాంతో వేలంలో మామూలు రకం టీ ధరను నిర్ణయించే శక్తి పెద్ద కంపెనీల నుంచి జారిపోయింది. ఖర్చులేమో చట్టం ప్రకారం, ధరేమో వేలం ప్రకారం. తోట కంపెనీ ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది.

టాటా టీ ఈ సంగతిని ముందే గ్రహించింది. 2000లో బ్రిటన్‌కు చెందిన టీ బ్రాండు టెట్లీని 27.1 కోట్ల పౌండ్లకు కొని, వీధి చివరి దుకాణంలో అమ్ముడయ్యే పొట్లం మీద దృష్టి పెట్టి, తోటలను ఒక్కొక్కటిగా వదిలించుకుంది. మున్నార్ తోటలు 2005లో కణ్ణన్ దేవన్ హిల్స్ ప్లాంటేషన్స్ అనే కంపెనీకి వెళ్లాయి, అందులో ఉద్యోగులూ కూలీలూ వాటాదారులయ్యారు. అస్సాం, బెంగాల్ తోటలు తర్వాత మరో కంపెనీకి మారాయి. హిందుస్థాన్ లీవర్ (నేటి హిందుస్థాన్ యూనిలీవర్) కూడా అదే దశాబ్దంలో అస్సాం తోటలను అమ్మేసింది. అందువల్ల ఇవాళ, టాటా టీకి ఇప్పటి రూపమైన టాటా కన్స్యూమర్ షేరు కొనేవారు తేయాకు తోటలో వాటా కొంటున్నామనుకుంటే పొరబడినట్టే. వేలంలో ఆకు చవకైతే పొట్లం అమ్మే కంపెనీకి లాభం, తోట కంపెనీకి నష్టం. రెండింటినీ ‘టీ షేర్లు’ అని ఒకే గంపలో వేయడం మనవాళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు.

లీవర్ అమ్మిన తోటలు కొన్నది మెక్‌లాయిడ్ రసెల్. విలియమ్సన్ మేగర్ గ్రూపుకు చెందిన ఈ కంపెనీ ఉగాండా, వియత్నాం, రువాండాల్లోనూ తోటలు కొని ప్రపంచంలోని అతి పెద్ద టీ ఉత్పత్తిదారుల్లో ఒకటైంది. దాని షేరు 2010ల తొలి సంవత్సరాల్లో 300 రూపాయల దాపుల్లో ఉండేది. దాన్ని దెబ్బతీసింది తెగులూ కాదు, అనావృష్టీ కాదు. గ్రూపులోని నిర్మాణ రంగ కంపెనీ కష్టాల్లో పడగా, తేయాకు కంపెనీ నుంచి గ్రూపు కంపెనీలకు అప్పులు వెళ్లాయి, అవి తిరిగి రాలేదు. ఆడిటర్లు అభ్యంతరం రాశారు. అప్పులు తీర్చడానికి 2018 నుంచి తోటలు అమ్ముకున్నారు. 2020 మార్చి నాటికి షేరు 10 రూపాయల లోపుకు పడింది. 2021లో దివాలా ప్రక్రియ మొదలై, ఫిర్యాదు చేసిన రుణదాతతో రాజీ కుదరడంతో ఆగింది.

ఇలాంటి కంపెనీల వార్షిక నివేదికలో నేను ముందుగా చూసేది దిగుబడి పట్టిక కాదు, వెనక పుటల్లో ఉండే ‘సంబంధిత పక్షాలతో లావాదేవీలు’ అన్న భాగం. గ్రూపు సంస్థలకు ఇచ్చిన డిపాజిట్లు, హామీలు అక్కడే ఉంటాయి. ఇంకొకటి, 2016 తర్వాతి లెక్కల పద్ధతిలో తేయాకు మొక్కను యంత్రంలాగా స్థిరాస్తిగానూ, మార్చి 31న మొక్క మీద ఇంకా కోయకుండా ఉన్న ఆకును విడిగా విలువ కట్టిన ఆస్తిగానూ చూపిస్తారు. ఆ ఆకు విలువలో తేడా లాభనష్టాల్లోకి వస్తుంది, చేతికొచ్చిన డబ్బు మాత్రం కాదది. మొక్కల వయసు కూడా అడగవలసిందే. యాభై ఏళ్లు దాటిన మొక్కల దిగుబడి తగ్గుతుంది, తీసి నాటితే కొన్నేళ్లపాటు ఆ నేలలో ఆదాయం ఉండదు.

వేల ఎకరాల భూమి ఉంది, షేరు ధర మాత్రం చవక అనే వాదన మార్కెట్లో ఎప్పుడూ ఉంటుంది. ఆ భూమిలో అధికభాగం ప్రభుత్వం తేయాకు కోసమే కౌలుకిచ్చినది, భూ పరిమితి చట్టాల మినహాయింపు కూడా అందుకే. పశ్చిమ బెంగాల్ 2019లో తోట భూమిలో 15 శాతం వరకు పర్యాటకం వంటి అవసరాలకు వాడుకోనిచ్చింది. ఆ వార్తకు కొన్ని షేర్లకు రెక్కలొచ్చినా, ఇచ్చినది ప్రభుత్వమే, హద్దు గీసేదీ ప్రభుత్వమే.

2024లో ఎండలు, అకాల వర్షాల వల్ల దేశపు ఉత్పత్తి 130 కోట్ల కిలోల లోపుకు తగ్గింది. నాసిరకం ఆకు మార్కెట్లోకి రాకుండా, సరుకు పోగుపడకుండా ఉండాలని టీ బోర్డు ఆ ఏడాది అస్సాం, బెంగాల్ వంటి ఉత్తర భారత తోటల్లో కోత నవంబరు 30తోనే ఆపెయ్యమంది. వేలం ధరలు అప్పటికే ముందటి ఏడాది కన్నా పెరిగి ఉన్నాయి. 1933లో దేశాలు కలిసి చేసిన పనిని ఈసారి ఒక బోర్డు ఉత్తర్వుతో చేయబోయారు. కాకపోతే ఇప్పుడు కోత ఆగితే ఆదాయం ఆగేది కంపెనీలకే కాదు, సగానికి పైగా ఆకు పండిస్తున్న చిన్న రైతులకు కూడా.